జింక తలకాయ కూర వండుకోవచ్చా, బొక్కలు ఎక్కడ పారేయాలి: పశువుల డాక్టర్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆఫీసులో ఒక అమెరికన్ కొలీగ్ ఏటా నవంబర్‌లో హంటింగ్‌కి వెళ్తాడు, సౌత్ టెక్సస్‌లో వాళ్ళ మామగారికి ర్యాంచ్ ఉంది, ఈసారి నన్నూ రమ్మన్నాడు. లైసెన్సు, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు రెండూ అయిపోయాయి. వాళ్ళు తలకాయ, కాళ్ళు, లోపలివి అన్నీ అక్కడే వదిలేస్తారట, నాకేమో ప్రాణం ఒప్పట్లేదు, మా ఇంట్లో తలకాయ కూర, బ్రెయిన్ ఫ్రై, బోటి అంటే అందరం పడి చస్తాం, ఐస్ బాక్సులో పెట్టి తెచ్చేద్దామని నా ప్లాన్. మా ఆవిడ "జాంబీ డీర్" అని ఏదో న్యూస్ చూసి వద్దంటోంది. కుక్కర్లో ఏడెనిమిది విజిల్స్ రానిస్తే ఏ రోగమైనా చావదా? తిన్నాక బొక్కలు చెత్తలో వేయాలా, పెరట్లో పూడ్చాలా?

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ ఆవిడ మాట వినేయండి బాబూ. జాంబీ అనేది న్యూస్ వాళ్ళు పెట్టిన పేరు, అసలు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, చిన్నగా సీడబ్ల్యూడీ అంటారు, జింకలు చిక్కి శల్యమై చచ్చిపోయే మెదడు జబ్బు. 1967లో కొలరాడోలో ఒక రీసెర్చ్ సెంటర్ జింకల్లో మొదట కనిపించింది, 2002లో విస్కాన్సిన్, 2012లో మీ టెక్సస్ పడమటి వైపు కొండల్లో మ్యూల్ డీర్‌లో, 2015లో టెక్సస్‌లోనే ఫారంలో పెంచే జింకల్లో. 2016లో నార్వేలో రెయిన్‌డీర్‌కి వస్తే అక్కడివాళ్ళు ఒక మంద మొత్తాన్ని, రెండు వేల పైచిలుకు జంతువుల్ని, చంపేశారు, భయం ఆ రేంజ్‌లో ఉంది మరి.

ఇది బాక్టీరియా కాదు వైరస్ కాదు. ప్రయాన్ అని, ఒంట్లో మామూలుగా ఉండే ప్రొటీనే వంకర తిరిగిపోతుంది, ఆ వంకరది పక్కనున్న మంచి ప్రొటీన్‌ని కూడా తనలా మార్చేస్తుంది, పాలల్లో స్పూను పెరుగు వేస్తే గిన్నెంతా తోడుకున్నట్టు. ప్రాణమే లేని దాన్ని చంపడం ఎలా? మీ కుక్కర్ గట్టిగా పోతే 120 డిగ్రీల దాకా వెళ్తుంది, దానికి ప్రయాన్ పూర్తిగా పోదు, ఎన్ని విజిల్స్ వచ్చినా అంతే. ఫ్రీజర్‌కి అసలే లొంగదు.

ఇంక మీరు ముచ్చటపడే లిస్టు చూడండి. ప్రయాన్ ఎక్కువ చేరేది మెదడు, వెన్నుపాము, కళ్ళు, టాన్సిల్స్, తిల్లి, గొంతు దగ్గరి బిళ్ళలు, అంటే లింఫ్ నోడ్స్. మన తలకాయ కూరలో పడేవి ఇంచుమించు ఇవే కదా! బోటిలో కూడా పేగు చుట్టూ ఈ బిళ్ళలే. వాళ్ళు అవి వదిలేసేది తినడం తెలియక కాదు, ఇప్పుడు వాళ్ళకి చెప్పేదే అది, వెన్నెముక నరకొద్దు, కండ మాత్రం బొక్క నుంచి విడదీసి తెచ్చుకోండి అని. తొడ, జబ్బ, వీపు కండ తెచ్చుకోండి, వేపుడు చేసుకోండి, తలకాయ మోజు మేక తలకాయతో తీర్చుకోండి. మీ ఆవిడ న్యూస్‌లో విన్న భయానికి ఇంకో మాట, మనిషికి ఈ జబ్బు వచ్చినట్టు ఇంతవరకు ఒక్క కేసూ నిర్ధారణ కాలేదు. అలాగని ధీమాగా ఉండలేం, ప్రయాన్‌తోనే వచ్చే ఆవుల పిచ్చి జబ్బుని కూడా మనుషులకి రాదనే అన్నారు, 1996లో బ్రిటన్‌లో ఆ మాట వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. అందుకే టెస్ట్ చేయించి, రిజల్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లో ఉంచి, పాజిటివ్ అయితే తినొద్దు అంటారు. జింకని చూసి చెప్పేద్దాం అనుకోకండి, జబ్బు అంటుకున్నాక ఏడాదిన్నర రెండేళ్ళ దాకా అది నిక్షేపంలా గెంతుతూ ఉంటుంది.

నన్నడిగితే మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఆఖర్న ఉంది, మీరు తినేదాని కన్నా మీరు పారేసేది పెద్ద విషయం. జింక నడిచి వెళ్తే ఎంత దూరం వెళ్తుంది, కొన్ని మైళ్ళు. ట్రక్కులో ఐస్ బాక్సు మాత్రం పొద్దున సౌత్ టెక్సస్‌లో బయల్దేరి సాయంత్రానికి ఫ్రిస్కోలో ఉంటుంది, ఆ తలకాయని మీరు ఏ క్రీక్ పక్కనో పడేశారనుకోండి, దాంట్లో ప్రయాన్ ఉంటే మట్టికి, ముఖ్యంగా బంకమట్టికి, అతుక్కుపోయి ఏళ్ళ తరబడి ఉంటుంది, అక్కడ గడ్డి కొరికిన జింకకి అంటుకుంటుంది, కాకులూ, కయోటీలూ (నక్కలాంటి అడవి కుక్కలు) తిని ఇంకో చోట రెట్టల్లో వదులుతాయి. అందుకే టెక్సస్‌లో రూలు పెట్టారు, వాడని భాగాలు పర్మిట్ ఉన్న ల్యాండ్‌ఫిల్‌కి, అంటే చెత్త పూడ్చే యార్డుకి, చేరాలి, లేదా కనీసం మూడడుగుల లోతున పూడ్చాలి, లేదా వేటాడిన ఆ స్థలానికే తిరిగి చేర్చాలి. అన్నిట్లో తేలిక, అక్కడే కండ కోసుకుని మిగతాది ఆ ర్యాంచ్‌లోనే వదిలేయడం, జబ్బు ఉంటే అక్కడ ముందే ఉంది, కొత్త ఊరికి పోదు. ఇంటిదాకా వచ్చేసిన బొక్కల్ని రెండు కవర్లలో కట్టి ట్రాష్‌లో వేయొచ్చు, అది ల్యాండ్‌ఫిల్‌కే పోతుంది, కాకపోతే మీ సిటీ చెత్తవాళ్ళు తీసుకుంటారో లేదో ముందు ఒక ఫోన్ కొట్టండి. కంపోస్ట్‌లో వద్దు, కుక్కకీ వద్దు. పెరట్లో మూడడుగులు తవ్వే ఓపిక మీకుందా అన్నది మీ ఇష్టం, హెచ్‌ఓఏ (మీ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు వచ్చి అడిగితే మాత్రం నా పేరు చెప్పకండి. వేటకి వెళ్ళే ముందు ఆ ఏటి రూల్స్ టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైట్‌లో చూసుకోండి, అవి మారుతూ ఉంటాయి.

ప్రశ్న: సార్, మేం మాడిసన్, విస్కాన్సిన్. పక్కింటాయన ప్రేమగా జింక మాంసం ఇచ్చాడు, రెండుసార్లు వండాను కూడా, ఇప్పుడొచ్చి టెస్ట్ పాజిటివ్ వచ్చింది సారీ అంటున్నాడు. నాకు నిద్ర పట్టట్లేదు. ఫ్రీజర్లో ఇంకా ఉంది. కత్తులు, చెక్క పీట సంగతేంటి?

జవాబు: అమ్మా, ముందు నిద్రపోండి. 2005లో న్యూయార్క్ స్టేట్‌లో ఒక విందులో ఇలాగే పాజిటివ్ జింక మాంసం వడ్డించారు, తిన్నవాళ్ళని తర్వాత ఏళ్ళ తరబడి గమనించారు, ఎవరికీ ఈ జబ్బు తేలలేదు. మిగిలిన మాంసం రెండు కవర్లలో గట్టిగా కట్టి ట్రాష్‌లో వేయండి, లేదా మీ రాష్ట్రంలో సీజన్‌లో జింకల వ్యర్థాల కోసమే డంప్‌స్టర్లు పెడతారు, దగ్గర్లో ఉంటే దాంట్లో వేయండి. జాలిపడి అడవిలో నక్కలకి వేయడం మాత్రం వద్దు. స్టీలు కత్తిని అంటుకున్న ముక్కలేం లేకుండా రుద్ది కడిగి, నాలుగు పాళ్ళు బ్లీచ్ ఆరు పాళ్ళు నీళ్ళు కలిపి ఐదు నిమిషాలు నానబెట్టండి, గ్లవ్స్ వేసుకుని, కిటికీ తీసి. బ్లీచ్ పైపైనే పనిచేస్తుంది, మాంసం ముక్క లోపలికి దిగదు, అందుకే ముందు రుద్దమన్నది. చెక్క పీటలో గాట్లు ఉంటాయి, దాన్ని పారేసి కొత్తది కొనుక్కోండి.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు. పొలం గట్టున అడవి పంది చచ్చి పడుంది, ఒంటి మీద దెబ్బ లేదు, ముక్కులోంచి నల్లటి రక్తం. కుర్రాళ్ళు కోసి పంచుకుందాం అంటున్నారు, పెద్దోళ్ళు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పత్రిక వచ్చేదాకా ఆ పంది ఆగదు కాబట్టి మీకు ఫోన్లోనే చెప్పేశాను, ఇది మిగతా ఊళ్ళవాళ్ళ కోసం. పెద్దోళ్ళదే కరెక్ట్. దెబ్బ లేకుండా ఉన్నట్టుండి చావడం, పొట్ట ఉబ్బడం, గడ్డకట్టని నల్ల రక్తం కారడం, ఇవి ఆంత్రాక్స్ (దొమ్మ రోగం) అని అనుమానించాల్సిన గుర్తులు, మీ మన్యంలో చచ్చిన మేకల్ని కోసుకుని జనానికి ఈ జబ్బు అంటుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2022లో కేరళ అతిరప్పిల్లిలో అడవి పందుల్లోనూ తేలింది. ఇక్కడ సీడబ్ల్యూడీకి పూర్తిగా తేడా, ఆంత్రాక్స్‌లో కత్తి పెట్టడమే ప్రమాదం, కోయనంతవరకు లోపలి క్రిమి కుళ్ళుతోపాటు చాలావరకు చస్తుంది, కోస్తే గాలి తగిలి క్రిమి తన చుట్టూ గట్టి గుల్లలు (స్పోర్లు) కట్టుకుంటుంది, ఆ గుల్లలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, ఆ గట్టున మేసిన ప్రతి పశువుకీ గండమే. ముట్టుకోకండి, కంపలు అడ్డం పెట్టి కుక్కల్ని రానీయకండి, ఫారెస్ట్ వాళ్ళకి కబురు పెట్టండి, పశువైద్యానికి 1962 నంబరు ఉంది. లోతుగా పూడ్చడమో కాల్చడమో వాళ్ళే చేయిస్తారు. అడవి జంతువు మాంసం పంచుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం కేసు కూడా, అది వేరే సంగతి. ఇప్పటికే ముట్టుకున్నవాళ్ళకి చేతి మీద నొప్పిలేని పుండు లేచి మధ్యలో నల్లబడితే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి, పందిని ముట్టుకున్నామని డాక్టర్‌కి చెప్పాలి, కేసు భయంతో దాచొద్దు, మొదట్లో పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది.