మంత్రగత్తెలదా తప్పు?

ప్రశ్న: కాలేజీ డే కోసం షేక్‌స్పియర్ నాటకం ‘మ్యాక్‌బెత్’ వేస్తున్నాం. మంత్రగత్తెలు ఆశ పెట్టారు, భార్య రెచ్చగొట్టింది. రాజును చంపిన తప్పంతా మ్యాక్‌బెత్‌దేనా సార్?
– ఓ డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: పాలమూరులో నేను పాఠం చెప్పిన రోజుల్లోనూ పిల్లలు ఇదే అడిగేవాళ్లమ్మా. మంత్రగత్తెలు రాజువవుతావన్నారే గానీ అప్పటి రాజు డంకన్‌ను చంపమనలేదు. పక్కనే ఉన్న తోటి సేనాని బాంక్వో కూడా జోస్యం విన్నాడు, కత్తి తీయలేదు. పైగా హత్యకు ముందే మ్యాక్‌బెత్ తనలో తాను అనుకుంటాడు: ఈ రాజు నా బంధువు, నా ఇంటికొచ్చిన అతిథి, హంతకుడొస్తే తలుపు మూయాల్సింది నేనే అని. అన్నీ తెలిసే లోపలికెళ్లాడు.

భార్యకూ వాటా ఉంది. అయితే నిద్రపోతున్న రాజు తన తండ్రిలా కనిపించకపోతే తానే చంపేదాన్నంటుంది. అయిదో అంకంలో నిద్రలో నడుస్తూ చేతులు కడుక్కునేది కూడా ఈమే. ఆ సీన్‌కు ఎర్ర లైట్లు, కేకలు వద్దు (మనవాళ్లకు ఆ సరదా ఎక్కువ). గొణిగితే చాలు, మైకు మాత్రం ముందే చూసుకోండి.