తాతకు ఇంగ్లీషు బూతు, మనవడికి 'కుంటోడు'... మరి మీకు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 46 ఏళ్లు. మా మామగారికి 76. ముప్పై అయిదేళ్లు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశారు. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నెల కిందట ఒక రాత్రి వాడు అన్నం ముందు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో ఫ్రెండ్స్‌తో సెమ్ రిజల్ట్స్ గురించి మాట్లాడుతూ, ఎఫ్‌తో మొదలయ్యే ఆ ఇంగ్లీషు బూతు నాలుగైదుసార్లు గట్టిగా అన్నాడు. మామగారు కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఆ ఆదివారం వాడి ఫ్రెండ్ ఒకబ్బాయి భోజనానికొచ్చాడు. ఆ అబ్బాయికి ఒక కాలు సరిగా పడదు. మామగారు ప్రేమగానే "రారా కుంటోడా, కూర్చో" అన్నారు. ఆ పిల్లాడు నవ్వి ఊరుకున్నాడు గానీ మావాడు అందరి ముందూ తాత మీద అరిచాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మా వారు 'ఇద్దరూ ఇద్దరే' అని టీవీ సౌండ్ పెంచుకుంటారు. కూరలో ఉప్పెక్కువైతే మామగారు నన్ను కూడా 'పనికిమాలిన ముండ' అంటుంటారు, అది ఆయన అలవాటు, నేను పట్టించుకోను. ఈ గొడవలో తప్పెవరిది? నేనెవరికి సర్దిచెప్పాలి?
- ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ ఉప్పు కూర దగ్గర ఆగిపోయాను. దాని సంగతి తర్వాత. ముందు మీరడిగిన గొడవ చూద్దాం.

మీ మామగారు ఆ ఇంగ్లీషు మాటకు అదిరిపోయారని నేననుకోను. సీజన్లో మిర్చి యార్డు ఎలా ఉంటుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. లారీలు, టిక్కీలనే మిర్చి బస్తాలు, ఘాటుకు తుమ్ములు, ముఠా కూలీల కేకలు. అమ్మల మీదా అక్కల మీదా పోయే బూతులు ముప్పై అయిదేళ్లు విన్న చెవులవి. ఆయనా నాలుగు అనే ఉంటారు. కానీ ఆ రకం మాట ఇంట్లో అన్నట్టు మీరెక్కడా రాయలేదు. ఆ తరం మగవాళ్లు చాలామంది యార్డు భాషను చెప్పులతో పాటే గుమ్మం బయట విడిచి లోపలికొచ్చేవాళ్లు. అన్నం దగ్గర, కోడలి ముందు వినపడిందనే ఆయన బాధ. ఏ భాషలో వినపడిందన్నది ఆయనకు లెక్క కాదు.

మీ అబ్బాయికి ఆ మాట బూతుగా పరిచయం కాలేదు. సిరీస్‌లు, గేమ్‌లు, హాస్టల్ కబుర్లు, వీటిల్లోంచి వచ్చింది. మనం 'అబ్బా', 'చచ్చాం రా' అన్నట్టు వాడేస్తారు. వీధి కుళాయి దగ్గర బిందెల కొట్లాటలో ఇద్దరు తిట్టుకుంటుంటే విన్న మాట కాదు కదా, అందుకే దానికి వాడి మనసులో పదును లేదు. నమ్మకపోతే, అదే మాటను తెలుగులో అనమనండి, మీ ముందే. నోరు పెగలదు. అంటే సిగ్గు లేక కాదు, వాడి సిగ్గంతా తెలుగులో ఉంది. పైగా ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడికి తను ఇంట్లో ఉన్నానన్న స్పృహే ఉండదు, తన గొంతు ఎంత పైకి పోతోందో కూడా తెలియదు.

ఇక 'కుంటోడు'. మీ మామగారి చిన్నప్పుడు ఊళ్లో మనిషికి గుర్తు అదే. కుంటి సుబ్బడు, గుడ్డి రాముడు, నత్తి వెంకడు. పిలిచేవాళ్లు నొచ్చుకునేలా పిలుస్తున్నామని అనుకోలేదు, పిలిపించుకునేవాళ్లను ఎవరూ అడగలేదు. మీ అబ్బాయి తరం ఇక్కడ మనకంటే ముందుకెళ్లింది. ఆ విషయం ఒప్పుకోవాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 నాటిది, కావాలని నలుగురిలో అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు అంటోంది. మన రాష్ట్రంలో శాఖ పేరే 'విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం' అయింది. మీవాడిది అతి సున్నితం కాదని చెప్పడానికే ఇదంతా. చట్టం సంగతి మామగారి దగ్గర ఎత్తకండి. 'అయితే పెట్టించండి జైల్లో' అని పడక్కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలతారు.

'పాపం పెద్దాయన, తెలియక అంటారు' అని మాత్రం మీరు సరిపెట్టుకోవద్దు. మా నాయనమ్మది తెనాలి పక్క పల్లెటూరు. ఆవిడ నోట 'ముండ' లేని వాక్యం ఉండేది కాదు. పాలు తాగిన పిల్లి ముండ, గుడ్డు పెట్టని కోడి ముండ, జడ వేయించుకోని నేను సరేసరి. మా చిన్న మేనత్తకు ఇరవై నాలుగేళ్లకే భర్త పోయాడు. ఏటా సంక్రాంతికి నాలుగు రోజులు వచ్చేది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఆ మాట వినపడేది కాదు. పిల్లి పాలు తాగినా 'ఛీ పో' అనేది నాయనమ్మ. అయిదో రోజు పొద్దున అత్త బస్సెక్కేది, మధ్యాహ్నానికి కోడి మళ్లీ ముండ అయ్యేది. ఆ మాటకు అర్థం నాయనమ్మకు బాగా తెలుసు. ఎవరి ముందు ఆపుకోవాలో కూడా తెలుసు. నాకు ఇది అర్థమయ్యేసరికి ముప్పై ఏళ్లు దాటాయి.

అందుకే ఆ ఉప్పు కూర దగ్గర ఆగాను. 'ముండ' అంటే భర్త పోయి తల గొరిగించుకున్న స్త్రీ. 'వెధవ' కూడా 'విధవ' లోంచి వచ్చిందే, మగవాళ్లను తిట్టడానికైనా మనకు వితంతువే కావాల్సి వచ్చింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇప్పుడు అలాంటి పెళ్లికి వెళ్లి భోంచేసి వస్తున్నాం, తిట్టు మాత్రం అలాగే ఉంది. మీ మామగారు మిమ్మల్ని ఆ మాట అన్నప్పుడల్లా, అక్షరాలా చూస్తే, తన కొడుకు చావునే నోటితో అంటున్నారు. టీవీ చూస్తున్న మీ వారికి ఇది ఒకసారి చెప్పండి. సౌండ్ తగ్గిస్తారేమో.

పైగా చూడండి, ఇంగ్లీషు బూతు వినలేక తాత లేచిపోయారు. ఫ్రెండ్‌ని అన్నారని మనవడు అరిచాడు. మిమ్మల్ని అన్నప్పుడు ఎవరూ కంచంలో చెయ్యి కడగలేదు. 'పట్టించుకోను' అన్నారు గానీ, నిజంగా పట్టించుకోనిదైతే ఉత్తరంలోకి వచ్చేది కాదమ్మా.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ పెట్టకండి. ముందు అబ్బాయితో, వాడొక్కడే ఉన్నప్పుడు మాట్లాడండి. తాత దగ్గరికెళ్లి ఆ రాత్రి అన్నం దగ్గరి మాటకు మాత్రం సారీ చెప్పమనండి. ఫ్రెండ్ తరఫున మాట్లాడినందుకు చెప్పక్కర్లేదు, అరిచిన తీరుకు చెబితే చాలు. ఇయర్‌ఫోన్స్ అన్నం దగ్గరికి రాకూడదని మీరే ఖచ్చితంగా చెప్పండి, తాత పేరు మీద పెట్టకండి. ఇంకోటి, ఆ ఫ్రెండ్‌ని 'నీకు బాధేసిందా' అని మీవాడు అడిగాడా? నవ్వి ఊరుకున్నవాడి మనసులో ఏముందో ఇద్దరూ ఊహించుకునే కొట్లాడుతున్నారని నా అనుమానం.

మామగారికి ఆ అబ్బాయి పేరు తెలుసా? మీ ఉత్తరంలోనూ లేదు. ఈసారి వచ్చినప్పుడు పేరూ ఊరూ మీరే చెప్పండి. ఆ తరానికి మనిషిని దేనితోనో ఒకదానితో గుర్తుపెట్టుకోవాలి, కాలు కాకపోతే ఊరు. 'రారా పొన్నూరోడా' అని పిలిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. 'ఎవరబ్బాయివి, ఇంటిపేరేంటి' దాకా మాత్రం పోనివ్వకండి, అక్కణ్ణుంచి కులం దాకా రెండే అడుగులు.

మీ మాట మీరే చెప్పుకోవాలి. కొడుకుతోనూ భర్తతోనూ చెప్పించకండి. ఆ రోజు కోపంలో కాదు, మరుసటి రోజు కాఫీ ఇచ్చి, 'మామయ్యగారూ, కూర బాగోకపోతే బాగోలేదనండి, ఆ మాట మాత్రం నన్ను అనొద్దు' అనండి. ఒక్క వాక్యం, వివరణలు వద్దు. మా నాయనమ్మ నాలుగు రోజులు ఆపుకోగలిగింది, ఆయనా ఆపుకోగలరు. మొదట అలుగుతారు. ఆ పూట అన్నానికి రాకపోతే కంచంలో వడ్డించి పైన మూత పెట్టి ఉంచండి. బతిమాలకండి.