టాప్ మోడల్ పికప్‌కి లక్షా ముప్పై వేలు ఎక్కువ పెట్టొచ్చా?

మదనపల్లె దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది, కాస్త కుదించాను.

"అన్నా, నాకు 36 ఏళ్లు. పదకొండేళ్ల నాటి పికప్ ఒకటి ఉంది. టమోటా లోడ్లు మార్కెట్ యార్డుకి తోలుతాను, నెలకు రెండు మూడు సార్లు రాత్రిపూట చెన్నైకి కూడా పోతుంది. సగం ట్రిప్పులు నేను, సగం డ్రైవరు. ఇప్పుడు కొత్త బండి చూస్తున్నా. బేసిక్ మోడల్ ఆన్‌రోడ్ 10.3 లక్షలు, టాప్ మోడల్ 11.6 లక్షలు. టాప్‌లో ఏసీ, డ్రైవరు వైపు బెలూను (ఎయిర్‌బ్యాగ్), టచ్ స్క్రీన్, రివర్స్ కెమెరా, పవర్ విండోలు ఉన్నాయి. ఇవి కాక 45,000కి యాక్సెసరీల ప్యాకేజీ తీసుకోమంటున్నారు. పాత బండికి 2 లక్షలు ఇస్తారంట, మిగతాదంతా లోను. ఏడేళ్లకి పెట్టుకుంటే నెలకు 17,200 చాలంటున్నారు. ఇల్లు పాల మీద గడిచిపోతుంది. బండి మీద డీజిలు, డ్రైవరు, రిపేర్లు పోను సీజన్‌లో 50,000, అన్‌సీజన్‌లో 24,000 మిగులుతుంది. బావమరిది టాప్ తీసుకో అంటాడు. నాన్న, లోడు బండికి ఏసీ ఎందుకురా అంటాడు. ఇంటావిడ మాత్రం బెలూను ఉంటేనే కొను అంటోంది. ఏం చేయమంటారు?"

అన్నా అన్నారు కాబట్టి చనువుగానే చెప్తున్నా. మీ ఇంట్లో లెక్క సరిగ్గా చూసింది మీ ఇంటావిడ. కానీ బండి మాత్రం ఇప్పుడే కొనకండి, నాలుగు నెలలు ఆగండి. ఎందుకో చివర్లో చెప్తాను, ముందు ఆ ఫీచర్ల సంగతి చూద్దాం.

ఇలాంటి లిస్టు ఎవరు చూపించినా నేను అడిగేది ఒకటే: ఇప్పుడు వదిలేస్తే తర్వాత బయట బిగించుకోవచ్చా? టచ్ స్క్రీన్ బయట బిగిస్తారు. అసలు మీ జేబులో ఫోను ఉండగా అది కూడా అక్కర్లేదు, రెండు వందల హోల్డరు చాలు. రివర్స్ కెమెరా బయట కొన్ని వేలల్లో అయిపోతుంది. ఇది మాత్రం మీకు కావాలి, ఎందుకంటే బండి రివర్స్ తీసేది పల్లెలో ఇళ్ల మధ్య, పిల్లలు ఆడుకునే చోట, క్రేట్లు ఎక్కించాక వెనక అద్దంలో ఏమీ కనిపించదు. పవర్ విండోల గురించి మాట్లాడుకోవడమే దండగ. ఐదేళ్ల తర్వాత మీ బండి కొనడానికి వచ్చేవాడు ఇంజను శబ్దం వింటాడు, ఛాసిస్ కింద తుప్పు చూస్తాడు, టైర్లు చూస్తాడు, స్క్రీన్ ఎంత పెద్దదని అడగడు.

బెలూను అలా కాదు. దాన్ని ఏ మెకానిక్కూ తర్వాత బిగించలేడు. స్టీరింగు, సెన్సర్లు, బెల్టు అన్నీ కలిపి కంపెనీలో చేసిన అమరిక అది. మన దేశంలో కార్లకు డ్రైవరు బెలూను 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది గానీ, సరుకు మోసే చిన్న బండ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో మహీంద్రా వీరో అనే చిన్న లోడు బండి వచ్చినప్పుడు డ్రైవరు బెలూను ఉందని ప్రత్యేకంగా చెప్పుకున్నారంటే, ఈ తరగతిలో అది ఎంత అరుదో అర్థం చేసుకోండి. ఇంకోటి, షోరూంలో ఎవరైనా సేఫ్టీ స్టార్ రేటింగుల మాట ఎత్తితే నమ్మకండి. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలు ప్రయాణికుల కార్లకే, లోడు పికప్‌లకు కాదు. అదే కంపెనీ ఎస్‌యూవీకి ఐదు స్టార్లు వచ్చాయంటే మీ బండికి ఒక్కటి కూడా వచ్చినట్టు కాదు. అలాగే బెల్టు పెట్టుకోకుండా బెలూను ఒక్కదాన్నే నమ్ముకుంటే అదే మొహానికి దెబ్బ. మీ డ్రైవరు బెల్టు క్లిప్పు మాత్రం గుచ్చి, బెల్టు వేసుకోకుండా నడిపే రకమైతే లక్షా ముప్పై వేలు బూడిదలో పోసినట్టే.

మీరు అడగనిది, నేనైతే బెలూను కంటే ముందు అడిగేది బ్రేకుల గురించి. లోడుతో ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు పికప్ రెండు వేర్వేరు బండ్లు. మార్కెట్లో దించేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక బరువుండదు, గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు పట్టేసి తోక పక్కకు తిరుగుతుంది, వాన పడితే మరీ. ఏబీఎస్ అనే బ్రేకు అమరిక ఉంటే చక్రం పట్టేయదు, స్టీరింగు మీ మాట వింటుంది. ఏబీఎస్ లేని చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర చిన్న వాల్వు ఒకటి ఉంటుంది, లోడును బట్టి కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఎంత వంగాయో చూసి వెనక బ్రేకుకి ఎంత ఒత్తిడి పోవాలో అదే నిర్ణయిస్తుంది. ఇక్కడే మనవాళ్లు చేసే పని ఒకటుంది, బండి కొన్న వారానికే షెడ్డుకి తీసుకెళ్లి ఇంకో రెండు కమాన్ పట్టీలు వేయించేస్తారు, ఎక్కువ లోడు లాగాలని. అప్పుడు ఎంత లోడు వేసినా కమాన్లు వంగాల్సినంత వంగవు, వాల్వేమో బండి ఖాళీగా ఉందనుకుంటుంది, భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు వెనక బ్రేకు సగమే పనిచేస్తుంది. పైగా ఓవర్‌లోడుతో దొరికితే 20,000 జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకీ ఇంకో 2,000. నెల వాయిదా ఒక్క చెక్‌పోస్టులో పోతుంది. మీకు నిజంగా 1.7 టన్నులు మోసే అవసరం ఉంటే ఆ కెపాసిటీ ఉన్న మోడలే కొనండి, 1.3 టన్నులది కొని పట్టీలు వేయించడం సేఫ్టీ లెక్కలోనూ నష్టమే, డబ్బు లెక్కలోనూ నష్టమే.

ఇక ఏసీ. ఇక్కడ మీ నాన్నగారితో నేను ఒప్పుకోను. మా నాన్న కూడా లారీ తోలినవాడే, ఏప్రిల్ నెలలో ఇంటికి వచ్చాడంటే చొక్కా పిండితే నీళ్లు కారేవి, అన్నం కూడా తినకుండా పడి నిద్రపోయేవాడు. ఆ నిద్ర ఇంటికొచ్చాకే రావాలని గ్యారంటీ ఏమీ లేదు కదా. 3.5 టన్నులు దాటిన లారీలకు 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యేవాటిలో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, అదేమీ విలాసమని చేసింది కాదు, డ్రైవరు అలసట చూసి చేసింది. మీ బండి ఆ బరువుకి కింద ఉంది కాబట్టి రూల్ వర్తించదు, ఒళ్లు మాత్రం అదే ఒళ్లు. ఖర్చు ఎంతంటారా, నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగే బండికి మైలేజీ 13 నుంచి 12కి పడిందనుకుందాం, అదనంగా 16 లీటర్లు, అంటే నెలకు 1,500 పైచిలుకు. ఎండాకాలం నాలుగు నెలలకి ఆరు వేల చిల్లర. రాత్రి చెన్నై ట్రిప్పులకు ఏసీ అక్కర్లేని నెలలే ఎక్కువ. మంచి డ్రైవరు దొరకడమే కష్టమైపోయిన ఈ రోజుల్లో, ఏసీ బండి ఉన్న ఓనరు దగ్గర డ్రైవరు నిలబడతాడన్నది కూడా లెక్కలో వేసుకోండి.

సీటు, స్టీరింగు కాగితం మీద చూసి తేల్చేవి కావు. షోరూం చుట్టూ ఒక రౌండు కొట్టించి తాళం లాక్కుంటారు, అది టెస్ట్ డ్రైవ్ కాదు. అరగంట కూర్చుని నడపండి, పక్కన ఇద్దరిని కూర్చోబెట్టుకోండి. ముగ్గురు పట్టే క్యాబిన్ అని చెప్తారు గానీ మధ్యలో వాడి మోకాలు గేరు రాడ్డుకి తగులుతుంటే మూడో గేరు వేసిన ప్రతిసారీ గొడవే.

యాక్సెసరీల ప్యాకేజీ దగ్గర మాత్రం రెండో మాట వద్దు. అందులో బుల్ గార్డు తప్పకుండా ఉంటుంది, వీళ్లు ఎప్పుడూ అదే అంటగడతారు. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని వద్దంది. ముందు కట్టిన ఆ ఇనుము దెబ్బను తినాల్సిన చోట తిననివ్వదు, బెలూను సమయానికి తెరుచుకోకుండా చేసే ప్రమాదమూ ఉంది. అంటే లక్షా ముప్పై వేలు పెట్టి కొన్న దాన్ని 45,000 పెట్టి చెడగొట్టుకోవడం!

ఇప్పుడు అసలు లెక్క. షోరూం వాళ్లు చెప్పిందేమిటి? టాప్ మోడల్, ప్యాకేజీ కలిపి 12.05 లక్షలు, అందులో 2 లక్షలు పాత బండి, లోను 10.05 లక్షలు. 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడేళ్లకు వాయిదా 17,208, మీకు చెప్పింది ఇదే. అదే లోను ఐదేళ్లకైతే 21,851. వాయిదా తక్కువగా కనిపిస్తోంది కదా, కానీ ఐదేళ్లలో వడ్డీ సుమారు 3.06 లక్షలు, ఏడేళ్లలో 4.40 లక్షలు. తేడా 1.34 లక్షలు. బెలూను, ఏసీ కోసం ఇంటిల్లిపాదీ కొట్లాడుకుంటున్న లక్షా ముప్పై వేలూ అదే! ఏడేళ్ల లోను కాగితం మీద సంతకం పెట్టే అర నిమిషంలో అంత డబ్బు ఎవరూ గమనించకుండా వెళ్లిపోతుంది. పైగా ఆరో ఏడు, ఏడో ఏడు రిపేర్లు మొదలయ్యే బండికి కొత్త బండి వాయిదా కడుతూ ఉంటారు.

అలాగని ఐదేళ్లకి 21,851 కట్టలేరు. మీ అన్‌సీజన్ ఆదాయం 24,000. వాయిదాని ఎప్పుడూ సీజన్ ఆదాయంతో పోల్చుకోకండి. టమోటా సంగతి మీకు నేను చెప్పాలా, 2023 జూలైలో కిలో వంద దాటింది, ఇంకో ఏడాది కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోశారు. పారబోసిన రోజున లోడు ఉండదు, కిరాయీ ఉండదు, బ్యాంకు మాత్రం ఐదో తేదీన వస్తుంది.

అందుకే నాలుగు నెలలు ఆగమన్నాను. ఆగస్టు దాకా సీజన్ పాత బండితోనే నడపండి. నెలకు 25,000 పక్కన పెడితే లక్ష అవుతుంది. ప్యాకేజీ వదిలేయండి. అప్పుడు టాప్ మోడల్ 11.6 లక్షల్లో 3 లక్షలు మీవి, లోను 8.6 లక్షలు, ఐదేళ్లకు వాయిదా 18,698. అన్‌సీజన్‌లో కూడా ఐదు వేలు చేతిలో ఉంటాయి. ఇన్సూరెన్సు డబ్బు మాత్రం సీజన్‌లోనే తీసి పెట్టుకోండి, ఇలాంటి బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఒక్కటే 16,000 దాటుతుంది, ఆన్‌రోడ్ ధరలో కలిసేది మొదటి ఏడాదిదే. ఈ లోపు పాత బండి టైర్లు అరిగిపోయి ఉంటే ఎలాగూ అమ్మేదే కదా అని రీబటన్ టైర్లతో (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేసినవి) చెన్నై పంపకండి, ఆ నాలుగు నెలలు లోకల్ ట్రిప్పులు ఎక్కువ చేసుకోండి. అన్నట్టు మీ కొటేషన్ మీద తేదీ చూడండి, సరుకు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ తగ్గింపు అందులో కనిపించాలి.

ఇంకొక్క విషయం, ఇది ఫీచర్ల లిస్టులో ఉండదు. కోతలకి వెళ్లే కూలీలు క్రేట్ల మీద కూర్చుని వస్తారు, మీ దగ్గరా అంతే అయ్యుంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒకాయన బండి ఇలాగే బోల్తా పడింది, ఎనిమిది మందికి దెబ్బలు. ఇన్సూరెన్సు ఉంది కదా అనుకున్నాడు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఇరవై ఏళ్ల కిందటే తేల్చేసింది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని అంటారు, ఎటు తిరిగినా చివరికి ఓనరే. ఆయన రెండెకరాలు అమ్మాడు. కూలీలకు ఆటో కిరాయి ఇవ్వండి, అంతకంటే చవకైన సేఫ్టీ ఫీచరు నాకు తెలీదు.

పాలసీ తీసుకునేటప్పుడు జీతం డ్రైవరుకి వర్తించే కవరు అడిగి రాయించండి, దాని ప్రీమియం టీ ఖర్చంత. ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా 15 లక్షలది ఎలాగూ ఉంటుంది, కానీ లైసెన్సు మీ పేరున చెల్లుబాటులో లేకపోతే అది చిక్కులో పడుతుంది, ముందు మీ లైసెన్సు తేదీ చూసుకోండి. ఆ పత్రంలో నామినీ గడి ఒకటి ఉంటుంది, షోరూం కుర్రాడు తొందరలో ఏదో ఒక పేరు కొట్టేస్తాడు, ఒక్కోసారి ఖాళీగానే వదిలేస్తాడు. మీ ఇంటావిడ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించి, ప్రింటు చేతికి వచ్చాక ఆవిడకే ఇచ్చి దాచమనండి.