అడగండి, చెబుతాం: పుట్టగొడుగులతో మనసు కుదుటపడుతుందా?

(జవాబులు: మానసిక వైద్య, ఔషధ నిపుణుల బృందం)

ప్రశ్న: నా వయసు 38. అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి డిప్రెషన్‌కు ఎస్‌సిటాలోప్రామ్ మాత్ర 10 మి.గ్రా. వాడుతున్నాను. స్నేహితురాళ్లు కొడైకెనాల్ వెళ్లి మ్యాజిక్ మష్రూమ్స్ (మత్తెక్కించే పుట్టగొడుగులు) తీసుకుందామంటున్నారు. లోపలున్న బాధంతా ఒక్క రాత్రిలో బయటికొచ్చేస్తుందట. పది రోజుల ముందు మాత్ర ఆపేస్తే చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మాత్ర ఆపకండి. రెండేళ్లు వాడిన ఎస్‌సిటాలోప్రామ్‌ను ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు వస్తాయి. పాత దిగులు తిరగబెట్టవచ్చు కూడా. దీన్ని డాక్టరు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మాత్ర వాడుతూనే పుట్టగొడుగు తింటే ఇంకో చిక్కు. కొందరిలో దాని ప్రభావం మందగిస్తుంది. ‘ఏం ఎక్కలేదే’ అనుకుని గంటకే ఇంకొంచెం తింటారు, ఆ తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. గుంపులో ఎవరైనా బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడుతుంటే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. నొప్పికి వాడే ట్రమడాల్ విషయంలోనూ అదే భయం.

మీ స్నేహితురాళ్లు విన్నది పూర్తిగా గాలి కబురు కాదు. వీటిలోని సైలోసైబిన్ శరీరంలో సైలోసిన్‌గా మారి, మెదడులోని ఒక రకం సెరటోనిన్ గ్రాహకాలను తట్టిలేపుతుంది. 2022 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగంలో, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 233 మందికి 25, 10 లేదా 1 మి.గ్రా. చొప్పున ఒక్కసారే ఇచ్చారు. మూడు వారాలకు 25 మి.గ్రా. తీసుకున్నవారిలో 37 శాతం మందికి బాగా గుణం కనిపించింది. 1 మి.గ్రా. వారిలో అది 18 శాతం. 25 మి.గ్రా. తీసుకున్నవారిలో పన్నెండు వారాల దాకా ఆ గుణం నిలిచింది 20 శాతం మందిలోనే. తలనొప్పి, వికారం చాలామందికి వచ్చాయి. కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా కనిపించాయి. ఒక్క రాత్రిలో బాధ కడిగేసుకున్న లెక్క ఎక్కడా లేదు.

పైగా అక్కడ ఇచ్చింది ప్రయోగశాలలో చేసిన మందు, మోతాదు కచ్చితం. ఎండు పుట్టగొడుగుల్లో ఒకే సంచిలోని రెండిటికి కూడా బలం ఒక్కలా ఉండదు. ప్రయోగంలో ముందుగా వడపోత ఉంటుంది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి తీవ్ర మానసిక జబ్బులు తమకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ ఉంటే చేర్చుకోరు. మన ఇళ్లలో పెళ్లి సంబంధాలు చెడతాయని ‘పెద్దత్తకి కాస్త నరాల బలహీనత’ అని దాచిన జబ్బు సరిగ్గా ఇక్కడే బయటపడేది. మందు పనిచేసే ఆరేడు గంటలూ శిక్షణ పొందినవారు పక్కనే ఉంటారు, తర్వాత రోజుల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. హోమ్‌స్టేలో వీటిలో ఒక్కటీ ఉండదు. పైగా నలుగురూ తినేవాళ్లే అయితే ఒకరికి భయం పట్టుకున్నప్పుడు తెలివిలో ఉండి పట్టుకునేదెవరు?

చట్టం మాట. సైలోసైబిన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం జాబితాలో ఉంది. 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో పుట్టగొడుగు మొత్తం బరువును మాదకద్రవ్యం బరువుగా లెక్కగట్టడానికి ఒప్పుకోలేదు. సోషల్ మీడియాలో దాన్ని ‘లీగల్ అయిపోయింది’ అని తిప్పారు. అది బెయిలుకు సంబంధించిన మాట, తినడానికి అనుమతి కాదు.

రెండేళ్లయినా దుఃఖం తగ్గలేదంటే మందు మోతాదు సరిపోతోందా, మందే మార్చాలా అని సైకియాట్రిస్టును అడగండి. దుఃఖం కోసమే ప్రత్యేకంగా చేసే కౌన్సెలింగ్ ఉంది. రెండు మూడు మందులకూ లొంగని డిప్రెషనైతే ఆసుపత్రిలో డాక్టర్ల సమక్షంలో కిలోకు 0.5 మి.గ్రా. కెటమిన్‌ను 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కించే చికిత్స మన దేశంలోనూ చేస్తున్నారు.

ప్రశ్న: వర్షాలకు మా పొలం గట్ల మీద, పేడ దిబ్బల మీద లేచేవి ఇవేనా? వెండి చెంచా పెడితే విషం తెలిసిపోతుందంటారు.
– ఏలూరు నుంచి ఒక గృహిణి

జవాబు: అవి ఏ రకమో చూడకుండా చెప్పలేం. వెండి చెంచాతో మాత్రం విషం తెలియదు. వెండి నల్లబడటానికీ విషానికీ సంబంధం లేదు. ఉడికించినా అమటాక్సిన్ అనే విషం చావదు. తిన్న గంట రెండు గంటల్లో వాంతులైతే చాలావరకు అది కడుపుతో పోయే రకం. ఆరు గంటలు దాటాక మొదలయ్యే వాంతులు, విరేచనాలే అసలు భయం. మర్నాటికి తగ్గినట్టుంటుంది, లోపల కాలేయం మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. తగ్గిందిలే అని ఇంట్లో ఉండిపోకండి. 108కి ఫోన్ చేయండి, మిగిలిన ముక్కను కాగితం సంచిలో వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: మేం అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉంటాం. ఇక్కడ సైలోసైబిన్ కేంద్రాలు చట్టబద్ధం. నేను హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన) వీసా మీద ఉన్నాను, గ్రీన్ కార్డు పెండింగ్‌లో ఉంది. వెళ్లొచ్చా? ఏం చూసుకోవాలి?
– బీవర్టన్

జవాబు: ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి, ఆ తర్వాతే కేంద్రానికి. 2020లో ఓటర్లు ఒప్పుకున్న మెజర్ 109 రాష్ట్ర చట్టం. ఫెడరల్ చట్టంలో సైలోసైబిన్ ఇంకా షెడ్యూల్ 1లోనే, అంటే నిషిద్ధ మాదకద్రవ్యాల జాబితాలోనే ఉంది, ఇమిగ్రేషన్ చూసేది ఫెడరల్ చట్టాన్నే. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో మాదకద్రవ్యాల వాడకం గురించి అడుగుతారు. నిజం చెబితే కేసు చిక్కుల్లో పడొచ్చు, అబద్ధం చెబితే అది ఇంకో నేరం. మా సలహా, కార్డు చేతికొచ్చేదాకా ఆగడమే.

అక్కడి పద్ధతి తెలుసుకోవడం మంచిదే. 21 ఏళ్లు నిండాలి. ముందు ఒక సన్నాహక సమావేశం తప్పనిసరి. గత 30 రోజుల్లో లిథియం వాడినవారిని, సైకోసిస్ (భ్రమలు, లేని మాటలు వినిపించడం) చరిత్ర ఉన్నవారిని తీసుకోరు. ఒక విడతకు గరిష్ఠం 50 మి.గ్రా. మందు అక్కడే తీసుకోవాలి, ఇంటికివ్వరు. ఇంటికెలా వెళ్తారో ముందే రాసివ్వాలి, కారు నడపకూడదు. ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది, బీమా ఇవ్వదు. పక్కన కూర్చునే ఫెసిలిటేటర్ డాక్టరే కానక్కర్లేదు. కాబట్టి బీపీ పెరిగితే ఏం చేస్తారో అడగండి.

ఆడవాళ్లు మరీ గట్టిగా అడగాల్సింది తాకడం గురించి. ఆ మత్తులో ‘వద్దు’ అనే శక్తి సన్నగిల్లుతుంది. కెనడాలో 2015లో జరిగిన ఎండీఎంఏ అనే మరో మత్తుమందు ప్రయోగంలో చికిత్సకులే హద్దు దాటారని తర్వాత బయటపడింది. ఏ చోట తాకవచ్చో, అసలు తాకకూడదో మందు తీసుకోకముందే కాగితం మీద రాయించండి. ముందు ఒప్పుకున్నా సరే, మధ్యలో వద్దంటే ఆపాల్సిందే. మత్తులో ఉండగా ‘సరే’ అన్నదాన్ని కొత్త అనుమతిగా తీసుకోకూడదని కూడా అందులో ఉండాలి. ఇద్దరు ఉండాలని, వారిలో ఒకరు స్త్రీ కావాలని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: పాపకు ఐదు నెలలు, పాలిస్తున్నాను. నాకు ఏడుపు ఆగడం లేదు. చాలా తక్కువ మోతాదు పుట్టగొడుగు క్యాప్సూల్స్ ఇన్‌స్టాలో అమ్ముతున్నారు. ‘మైక్రోడోస్’ అట. 24 గంటలు పాలు పిండి పారబోస్తే చాలంటున్నారు.
– వరంగల్

జవాబు: వద్దమ్మా. ఈ ప్రయోగాల్లో గర్భిణులను, పాలిచ్చే తల్లులను చేర్చుకోలేదు, కాబట్టి ఆ ‘24 గంటల’ లెక్క ఎవరో ఊహించి చెప్పింది. మైక్రోడోస్ మీద 2021లో 191 మందితో జరిగిన అధ్యయనంలో ఖాళీ క్యాప్సూల్ మింగినవారికీ దాదాపు అంతే మేలు కనిపించింది. ఆ క్యాప్సూల్‌లో ఏముందో అమ్మేవాడికైనా తెలుసో లేదో. అమెరికాలో 2024లో పుట్టగొడుగు చాక్లెట్లు తిని మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. వాటిలో మస్సిమాల్ (వేరే రకం పుట్టగొడుగుల్లోని మత్తు పదార్థం) లాంటివి దొరికాయి.

ప్రసవం తర్వాతి డిప్రెషన్‌కు పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. సెర్ట్రలిన్ పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది కాబట్టి డాక్టర్లు ముందుగా దాన్నే చూస్తారు. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పినా ఇలాగే ఉంటుంది. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. మీకు గానీ పాపకు గానీ హాని చేయాలనే ఆలోచన వచ్చినా, రెండు మూడు రాత్రులుగా నిద్ర లేకుండా మాటలు వినిపిస్తున్నా ఫోన్‌తో సరిపెట్టకుండా ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. క్యాప్సూల్ ఇప్పటికే మింగి ఉంటే ఆ డబ్బా కూడా డాక్టరుకు చూపించండి.