ఆ మంట పోయిందని నిశ్చింతగా ఉండకు

బుజ్జీ,

"ఖాళీ కడుపుతోనే తలనొప్పి మాత్ర వేసుకుంటా మామయ్యా, కాసేపు మంట, తర్వాత అదే పోతుంది" అని నిన్న ఫోన్‌లో అన్నావు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇన్నేళ్లు ఫిజియాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఇది నీకు చెప్పకుండా ఎలా ఉంటాను?

కడుపులో ఊరే యాసిడ్ మామూలుది కాదు, పీహెచ్ (ఆమ్లం ఘాటుకి కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) 1, 2 దాకా దిగుతుంది. అయినా కడుపు తనని తాను అరిగించుకోదు. జిగురు పొర కాపాడుతుందని అందరూ చెబుతారు, నిజమే, కానీ నరాల సంగతి ఎవరూ ఎత్తరు. లోపలి పొర అడుగున రక్తనాళాలను అల్లుకుని సన్నటి నరాలుంటాయి. యాసిడ్ పొరలోకి చొరబడిందంటే అవి మెదడుకి కబురు పంపి ఊరుకోవు, మెదడు జవాబు కోసం ఆగకుండా అక్కడికక్కడే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని వదులుతాయి, దాంతో రక్తనాళాలు వెడల్పై రక్తం జోరుగా పారి, ఆ యాసిడ్‌ని విరిచి కడిగేస్తుంది. నీకు మంట తెలిసినా తెలియకపోయినా ఈ పని జరుగుతూనే ఉంటుంది.

మిరప ఘాటులోని క్యాప్సైసిన్ తాకేదీ ఈ నరాలనే. వాటి మీద అది అతుక్కునే గ్రాహకాన్ని (రిసెప్టర్) 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది, 2021లో నోబెల్ కూడా వచ్చింది. ఎలుకలకు ఎక్కువ మోతాదులో క్యాప్సైసిన్ ఇచ్చి ఈ నరాలను దెబ్బతీస్తే, ఆ తర్వాత నొప్పి మాత్రలకీ ఆల్కహాల్‌కీ వాటి కడుపులో పుండ్లు ఎక్కువయ్యాయి. అదే క్యాప్సైసిన్ కొద్దిగా ఇస్తే దెబ్బ తగ్గింది. అలాగని మిరపకాయల్ని మందులా తినకు, మోతాదు మారితే కథే మారిపోతుంది.

ఇప్పుడు నీ మాత్ర సంగతి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, యాస్పిరిన్ లాంటివి ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలని తగ్గిస్తాయి. జిగురునీ రక్తప్రసరణనీ నిలబెట్టేవీ, ఈ నరాలని చురుగ్గా ఉంచేవీ అవే. అంటే గోడా పలచబడుతుంది, కాపలావాడూ మందగిస్తాడు. ఈ మాత్రల వల్ల వచ్చే పుండ్లు చాలాసార్లు నొప్పే లేకుండా ముదిరి, నేరుగా రక్తస్రావంతో బయటపడతాయి, పెద్దవాళ్లలో మరీను. అందుకే నీ "అదే పోతుంది" నాకు నచ్చలేదు. తిన్నాక వేసుకుంటే మంట తగ్గొచ్చు గానీ, మందు రక్తంలో కలిశాక కూడా దెబ్బ తీస్తుంది, కాబట్టి అన్నం తిన్నానులే అని ధీమా వద్దు.

నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నావో ఈరోజు నుంచే రాసిపెట్టు. నెలకి 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెప్పించొచ్చు! ఆ లెక్క పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు, పారాసెటమాల్ సరిపోతుందేమో, కడుపులో పుండ్లు తెప్పించే హెలికోబాక్టర్ అనే బాక్టీరియాకి పరీక్ష అవసరమేమో అడుగు. ఐబుప్రొఫెన్ లాంటివి రెండు రకాలు కలిపి వేసుకోకు, మద్యం తాగిన రోజు వాటిని అసలు ముట్టుకోకు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఆ లెక్క దగ్గర పెట్టుకో.

నీ మామయ్య