దున్‌హువాంగ్‌లో ఒక్కరోజే ఉంటే గుహలకే వెళ్లండి

చైనాలో ఉంటున్నామని, వాయవ్యాన ఎడారి అంచునున్న దున్‌హువాంగ్‌ పట్టణంలో ఒక్కరోజే కుదురుతుందని, ఇసుక తిన్నెలు చూడాలా, గోడల నిండా బొమ్మలున్న మొగావో బౌద్ధ గుహలు చూడాలా అని అడిగారు. గుహలే. ఇందులో ఆలోచించడానికేం లేదు.

మింగ్‌షా తిన్నెలు, వాటి నడుమ నెలవంక చెరువు బాగానే ఉంటాయి, కాదనను. కానీ అక్కడ జనం ఎంతంటే, ఒంటెలకు కూడా ట్రాఫిక్ సిగ్నల్ పెట్టారు! పైగా దేశమంతటికీ బీజింగ్ టైమే కాబట్టి, పడమరగా ఉన్న ఇక్కడ వేసవిలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. గుహలు చూసొచ్చి సాయంత్రం తీరిగ్గా తిన్నెలెక్కవచ్చు.

మొగావో గుహల్లో లైట్లుండవు. గైడు టార్చి ఎక్కడ పడితే అంతవరకే కనిపిస్తుంది. మాకు చూపించిన వాటిలో 257వ గుహ ఒకటి. గోడ మీద పొడుగాటి పట్టీలా జింక జాతక కథ, అంటే బుద్ధుడు జింకగా పుట్టిన పూర్వజన్మ కథ. నీళ్లలో కొట్టుకుపోతున్నవాణ్ణి జింక ఒడ్డుకు చేరుస్తుంది. వాడేమో బహుమానానికి ఆశపడి దాని జాడ రాజుకు చెప్పేస్తాడు. టార్చి ఒక కొస నుంచి కొంతదూరం వెళ్లి ఆగి, ఠక్కున రెండో కొసకు దూకింది. దారి తప్పిందేమో అనుకున్నాను. తీరా చూస్తే కథ రెండు వైపుల నుంచీ నడిచొచ్చి మధ్యలో కలుస్తుంది. అక్కడ గుర్రం మీద రాజు, ఎదురుగా జింక. మోకాళ్ల మీద పడలేదు, నిటారుగా నిలబడి మాట్లాడుతోంది. దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి స్క్రీన్‌ప్లే అది. మన సినిమావాళ్లను ఒకసారి తీసుకెళ్లాలి.

లోపల ఫొటోలు తీయనివ్వరని అందరూ సణుగుతారు. నన్నడిగితే అదే మేలు, లేకపోతే ఎవడూ గోడ వైపు చూడడు. ఎ టికెట్‌కు 8 గుహలు, బి టికెట్‌కు 4. ఎ టికెట్ ముందే బుక్ చేసుకోండి.

17వ గుహ దగ్గర మా గైడుకు ఆవేశం వచ్చింది. 1900లో వాంగ్ యువాన్‌లూ అనే తావో సన్యాసికి అందులో వేల రాతప్రతులు దొరికాయి. 1907లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టెయిన్ వచ్చి, కొద్దిపాటి వెండి చేతిలో పెట్టి, పెట్టెలకు పెట్టెలు పట్టుకుపోయాడు. అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని మనం ఎప్పుడూ వాపోతాం కదా. కానీ స్టెయిన్ యాత్రకు అప్పటి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమూ డబ్బు పెట్టింది. అందుకే దున్‌హువాంగ్ పట్టు చిత్రాలు కొన్ని ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. మేం ఇండియా వాళ్లమని తెలిశాక గైడు ఆప్యాయంగా మాట్లాడాడు. ఆ డబ్బు సంగతి మాత్రం నేనెత్తలేదు.