కప్పు గెలిచిన మరుసటి ఏడాది టెక్సాస్ రేంజర్స్‌కు ఏమైంది?

2023లో అమెరికా బేస్‌బాల్ కప్పు (వరల్డ్ సిరీస్) గెలిచిన రేంజర్స్ జట్టు 2024లో ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు, గర్వం తలకెక్కిందా అని అడిగారు. నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఆ ఏడాది ఆర్లింగ్టన్ స్టేడియానికి ఏడెనిమిది సార్లు వెళ్ళాను. నాకైతే గర్వం జాడ కనిపించలేదు.

మార్చి 28న చికాగో జట్టు కబ్స్‌తో తొలి ఆట. మామూలు తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక, పదో ఇన్నింగ్స్‌లో మా జోనా హైమ్ కొట్టిన దెబ్బకు 4-3తో గెలిచాం. నా పక్క సీటు పెద్దాయన చిప్స్ పళ్ళెం ఒళ్ళో బోర్లించుకుని, అది దులుపుకోకుండానే లేచి చప్పట్లు కొట్టాడు. 2011 ఫైనల్లో ఒక్క స్ట్రైక్ (మూడు పడితే బ్యాటర్ ఔట్) పడితే కప్పు మాదే అన్న చోట, అదీ రెండుసార్లు, చేజారడం చూసినవాడట. "ఇక ఈ ఏడాది అన్నీ ఓడినా పర్వాలేదు" అన్నాడు. ఏ నోటితో అన్నాడో!

వారం తిరగకముందే మా బ్యాటర్ జాష్ యంగ్ మణికట్టుకు బంతి తగిలి ఎముక విరిగింది. జూలై చివరిదాకా అతను లేడు. ఇక మా పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు: షెర్జర్ వెన్ను ఆపరేషన్ చేయించుకుని జూన్‌లో వచ్చాడు, మోచేతి ఆపరేషన్ అయిన డిగ్రామ్ సెప్టెంబరులో గాని దిగలేదు. మాంట్‌గామరీ అయితే మేము 2023 ఫైనల్లో ఓడించిన అరిజోనాకే వెళ్ళిపోయాడు. ఉన్నవాళ్ళ బ్యాట్లూ మొద్దుబారాయి. గార్సియా హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) 39 నుంచి 25కి పడ్డాయి. జట్టు మొత్తం పరుగులు 881 నుంచి 683కి. దాదాపు రెండు వందలు తగ్గాక పిచర్లు మాత్రం ఏం చేస్తారు?

ఇంకో సంగతి కూడా ఉంది, అభిమానులకు రుచించదు. 2023లోనూ మావాళ్ళు 162 ఆటల్లో గెలిచింది 90. మా డివిజన్ (లీగ్‌లోని మా గ్రూపు) ప్రత్యర్థి హ్యూస్టన్‌వీ అన్నే, కానీ ముఖాముఖి ఆటల లెక్కలో మొదటి స్థానం వాళ్ళకు పోయింది. మేము వైల్డ్ కార్డ్‌తో, అంటే డివిజన్ గెలవని జట్లకిచ్చే చోటుతో, ప్లేఆఫ్స్ లోపలికొచ్చాం. ఆ తర్వాతే పూనకం: ప్లేఆఫ్స్‌లో పరాయి మైదానాల్లో ఆడిన 11 ఆటలూ గెలిచారు. అలాంటి నెల మళ్ళీ వస్తుందని ఎవరైనా ఎలా అనుకుంటారు? 2008 ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన మన డెక్కన్ చార్జర్స్ మరుసటి ఏడాదే కప్పెత్తింది కదా, వీళ్ళది దానికి తలకిందులు.

చివరికి 78 గెలుపులు, 84 ఓటములు, డివిజన్లో మూడో స్థానం. సెప్టెంబరులో వెళ్ళిన రోజు మా పై వరుసలు సగం ఖాళీ. మా అబ్బాయి 2023 ఛాంపియన్స్ టోపీ పెట్టుకునే వచ్చాడు, అంచు అప్పటికే వెలిసిపోయింది.